పసుపు అంటే మధ్యరకం కాదు: మందు సీసాల మీద, డ్రమ్ముల మీద, ట్యాంకర్ల మీద ఉండే ప్రమాద గుర్తులు

తమ్ముడూ, ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. మీ నాన్నగారి కలుపుమందు సీసా మీద ఉన్న పసుపు రంగు "ఓ మోస్తరు ప్రమాదం" కాదు. నాలుగు మెట్లలో అది పైనుంచి రెండోది. నీలం రంగు సీసా మీద డేంజర్ అని రాసి ఉన్నా, అది పసుపు కంటే ఒక మెట్టు కిందదే. ఆ పసుపు సీసాను ఎర్ర సీసాతో సమానంగా చూడమని ఈ రోజే నాన్నగారికి చెప్పు.

చదివే మిగతావాళ్ల కోసం ఈ తమ్ముడి సంగతి క్లుప్తంగా చెప్తాను. పైడిభీమవరం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో కొత్తగా చేరాడు. ఇల్లు లావేరు మండలంలో, నాన్నగారు మొక్కజొన్న వేస్తారు. స్టోర్స్ డ్రమ్ముల మీద ఎర్ర అంచు ఉన్న డైమండ్, ఇంట్లో మందు సీసా మీద సగం రంగు నింపిన డైమండ్, గేటు దగ్గర ఆగిన ట్యాంకరు మీద మరో డైమండ్ చూశాడు. "అన్నీ ఒకటేనా? పసుపు మధ్యరకం కదా? డేంజర్ అని ఉన్న నీలమే ఎక్కువ కదా?" అని అడిగాడు.

నేను ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే ఇరవై ఆరేళ్లు పనిచేశాను, మొదట స్టోర్స్‌లో, తర్వాత సేఫ్టీలో. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, వరి, మొక్కజొన్న, గోగు వేసిన ఇల్లు. అందుకే రెండు రకాల డబ్బాలూ చేతులతో ఎత్తినవాడిని. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే. గుర్తులు తెలియనివాడి కంటే, ఒకచోట నేర్చుకున్న గుర్తును ఇంకోచోట అలాగే చదివేవాడికే ఎక్కువ దెబ్బ తగులుతుంది. గాలిపటంలా నిలబెట్టిన చదరం నాలుగు వేర్వేరు పద్ధతుల్లో వాడతారు. ఆకారం ఒకటే, చెప్పే సంగతి వేరు. కాబట్టి బొమ్మ చూసే ముందు, ఆ డైమండ్ ఏ పద్ధతిదో చూడు.

పొలం మందు దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అది ఇంట్లో ఉంది, పిల్లలకు అందుతుంది.

మన దేశంలో పురుగుమందులకు 1968 నాటి చట్టం, 1971 నాటి నియమాలు ఉన్నాయి. వాటి ప్రకారం ప్రతి మందు లేబుల్ మీదా డైమండ్ ఉండి తీరాలి, అది లేబుల్ ముఖభాగంలో పదహారో వంతుకు తగ్గకూడదు. ఆ డైమండ్‌ను అడ్డంగా రెండు త్రికోణాలు చేస్తారు. కింది త్రికోణంలో రంగు, పై త్రికోణంలో మాట. ఎరుపు అయితే పైన పుర్రె, ఎముకల బొమ్మ, ఎర్ర అక్షరాల్లో పాయిజన్ అనే మాట. పసుపు అయితే పుర్రె ఉండదు, కానీ పాయిజన్ అనే మాట అదే ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. నీలం అయితే డేంజర్. ఆకుపచ్చ అయితే కాషన్, అంటే జాగ్రత్త.

ఇప్పుడు చూడు, మనం ఎక్కడ పొరబడతామో. చిన్నప్పటి నుంచి సిగ్నల్ లైటు చూసిన కళ్లు మనవి. ఎరుపు ఆగు, పసుపు చూసుకుని వెళ్లు, పచ్చ వెళ్లిపో. ఆ లెక్కే సీసా మీదకు తెచ్చేస్తాం. పైగా పసుపు మీద పుర్రె లేదు కదా అని ధైర్యం. పసుపుకూ పచ్చకూ మధ్యలో నీలం ఒకటి ఉందని చాలామంది గమనించరు. మెట్లు నాలుగు: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఈ వరుసలో దిగుతాయి.

ఈ మెట్లు దేన్నిబట్టి కట్టారంటే, పరీక్షలో జంతువుల్లో సగం చనిపోయే మోతాదును బట్టి. దాన్ని ఎల్.డి. 50 అంటారు. శరీరం బరువులో కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు అని కొలుస్తారు. నోటి ద్వారా అయితే 50 వరకు ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. అంకె తగ్గేకొద్దీ విషం ఎక్కువ. చర్మం ద్వారా వెళ్తే ఎంత అనేదానికి వేరే లెక్క ఉంది, దాన్నీ చూస్తారు. పసుపు కూడా పాయిజనే అని నియమాలే చెప్తున్నాయి, అందుకే ఆ మాట ఎర్ర అక్షరాల్లో పెట్టారు. చదువు రాని కూలీకి మాత్రం ఆ అక్షరాలు కనబడవు, రంగే కనబడుతుంది. ఈ లోటు గురించి నాకు ఎప్పుడూ బాధే.

పారాక్వాట్ అనే కలుపుమందు పసుపు త్రికోణంలోదే. దానికి ఇంతవరకు విరుగుడు మందు లేదు. ఈ ఒక్క మాట నాన్నగారికి చెప్తే చాలు, పసుపు మీద ఉన్న నమ్మకం పోతుంది. మా ఊళ్లో నేను కళ్లారా చూసిన పని ఒకటి చెప్తాను. ఎండలో గట్టు మీద కూర్చుని, స్ప్రేయరు నాజిల్‌లో నలుసు అడ్డుపడితే, నాజిల్ విప్పి నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదుతారు. ఒకసారి మా చిన్నాన్న అలా ఊదబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఎన్నేళ్ల నుంచి ఊదుతున్నాను, ఏమైంది?" అన్నాడు. సీసా తెచ్చి విరుగుడు గురించి రాసిన చోటు వేలు పెట్టి చదివించాను. ఆ రోజు నుంచి ఆయన జేబులో పాత పళ్ల బ్రష్షు ఉంటుంది. నాజిల్‌ను నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేయాలి. నోరు పెట్టకూడదు, ఇనప తీగ కూడా దూర్చకూడదు, కన్నం పెద్దదైపోయి మందు ధారగా పడుతుంది.

వీపు మీద ట్యాంకు కారడం ఇంకొకటి. మూత దగ్గర వాషరు పాడై చొక్కా తడుస్తూ ఉంటే, "కాస్త చల్లగానే ఉంది" అని సాయంత్రం దాకా కొడతారు. చర్మం నుంచి కూడా మందు లోపలికి వెళ్తుంది. పది రూపాయల వాషరు మార్చకుండా ట్యాంకు ఎత్తనివ్వకు.

ఇక ఆకుపచ్చ. "పచ్చ త్రికోణం, భయం లేదు" అనే మాట షాపుల్లోనే వింటాం. అది సగం నిజం. ఈ నాలుగు రంగులు ఒక్క ప్రశ్నకే జవాబు చెప్తాయి: ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తే ఎంత విషం? ఏళ్ల తరబడి తాకితే ఏమవుతుంది, కంట్లో పడితే ఏమవుతుంది, నిప్పంటుకుంటుందా, చేపలు చస్తాయా, ఈ ప్రశ్నలకు ఆ రంగు దగ్గర జవాబు లేదు. పేరు పక్కన ఇ.సి. అని ఉందా చూడు. అది నూనెలాంటి ద్రావకంలో కలిపిన మందు, నీళ్లలో పోస్తే పాలలా తెల్లగా విరుగుతుంది. ఆ ద్రావకాలు చాలావరకు మండే గుణం ఉన్నవే. త్రికోణం ఏ రంగైనా సరే, బీడీ నోట్లో పెట్టుకుని కలపకూడదు. సైపర్‌మెత్రిన్ లాంటి మందులు మనుషుల కంటే చేపలకు, తేనెటీగలకు ఎన్నో రెట్లు విషం. ట్యాంకు కడిగిన నీళ్లు గెడ్డలోనో చెరువులోనో పారబోస్తే తెల్లారేసరికి చేపలు తేలతాయి. కడిగిన నీళ్లను తిరిగి పొలంలోనే, మందు కొట్టిన చోటే చల్లాలి.

లేబుల్‌తో పాటు లోపల మడతపెట్టిన కాగితం ఒకటి ఉండాలి, అందులో తెలుగు కూడా ఉంటుంది. విషం ఎక్కితే కనిపించే లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు, ఖాళీ డబ్బా ఏం చేయాలి, అన్నీ అందులోనే రాస్తారు. మనవాళ్లు అట్టపెట్టెతో పాటు దాన్ని షాపు దగ్గరే వదిలేస్తారు. అడిగి తీసుకో. పంట అయ్యేదాకా ఇంట్లో మేకుకు గుచ్చి ఉంచు.

ఎవరికైనా మందు తగిలి కళ్లు తిరిగినా, వాంతులైనా, ఆస్పత్రికి వెళ్లేటప్పుడు సీసాను సంచిలో వేసుకుని మనిషితో పాటు పట్టుకెళ్లాలి. డాక్టరుకు కావాల్సింది కంపెనీ పేరు కాదు, లోపలున్న మందు పేరు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందైతే నోటి వెంట చొంగ, కన్నీళ్లు, చెమట, కంటి పాపలు సూదిమొనంత కావడం, కండరాలు అదరడం కనిపిస్తాయి, దానికి అట్రోపిన్ ఇస్తారు. ఇంకో జాతి మందైతే వైద్యం వేరు. "ఏదో తెల్లమందండీ, ఘాటు వాసన" అని చెప్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఊళ్లో చేసే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు పట్టి కక్కించడం అసలు వద్దు. ద్రావకం కలిసిన మందును కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యాసిడ్ అయితే దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఇంకోసారి గొంతు కాలుస్తుంది. తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో, నీళ్లతో బాగా కడిగి 108కి ఫోన్ చెయ్యి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, దాని టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117. నాన్నగారి ఫోన్లో ఈ నంబరు వేసిపెట్టు.

ఇప్పుడు నీ స్టోర్స్ డ్రమ్ముల దగ్గరకు వద్దాం. తెల్ల నేల, ఎర్ర అంచు, మధ్యలో నల్ల బొమ్మ ఉంటే అది జి.హెచ్.ఎస్. పద్ధతి. ప్రపంచమంతటా ఒకే గుర్తులు ఉండాలని ఐక్యరాజ్యసమితి తయారుచేసింది, మొదటి కూర్పు 2003లో వచ్చింది. బొమ్మలు తొమ్మిది. పేలుతున్న బాంబు, గ్యాస్ సిలిండరు, చచ్చిన చేపా చెట్టూ, వీటిలో తికమక లేదు, చూడగానే తెలుస్తాయి. తికమకంతా మిగతా ఆరింటిలోనే.

మంట బొమ్మలు రెండున్నాయి. ఒట్టి మంట ఉంటే అది తగలబడే సరుకు. మంట కింద గుండ్రటి సున్నా ఉంటే అది ఆక్సిడైజర్, అంటే తాను తగలబడకపోయినా పక్కనున్నదాన్ని తగలబెట్టించేది. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి "రెండూ మంటవే" అని ఒకే గదిలో పెట్టేస్తారు. పెట్టకూడని జంటే అది. ఘాటు హైడ్రోజన్ పెరాక్సైడ్, పొటాషియం పర్మాంగనేట్, క్యాల్షియం హైపోక్లోరైట్, ఇవి సున్నా మీద మంట రకం. వీటి పక్కన సాల్వెంట్లు ఉండకూడదు, నూనె గుడ్డలు, రంపపు పొట్టు, అట్టముక్కలు కూడా ఉండకూడదు. నేను తనిఖీకి వెళ్తే మొదట చూసేది ఈ సున్నానే.

మనిషి ఒంటికి సంబంధించినవి నాలుగు. పుర్రె అంటే కొంచెమే లోపలికి వెళ్లినా వెంటనే ప్రాణానికి ముప్పు. చెయ్యి మీదా, లోహం మీదా చుక్కలు పడి తినేస్తున్న బొమ్మ అంటే చర్మాన్ని, కంటిని, లోహాన్ని కాల్చేది. ఆశ్చర్యార్థకం అంటే దురద, మంట, మగత, పుర్రె కంటే తక్కువ స్థాయి విషం. నాలుగోది మనిషి నీడ, ఛాతీ దగ్గర నక్షత్రంలా పగిలిన బొమ్మ. దీన్నే ఎవరూ పట్టించుకోరు. క్యాన్సర్, పుట్టబోయే బిడ్డకు హాని, ఉబ్బసం, అవయవాలు దెబ్బతినడం, ఇవన్నీ దాని కిందకే వస్తాయి. టొలీన్ అనే ద్రావకం డ్రమ్ము మీద ఇది ఉంటుంది. "అలవాటైపోయింది అన్నా, నాకు వాసనే తెలీదు" అంటారు కుర్రాళ్లు. వాసన తెలియడం లేదంటే ముక్కు మొద్దుబారిందన్నమాట, ఊపిరితిత్తులు పీల్చుకుంటూనే ఉంటాయి. ఈ బొమ్మ ఉన్న డ్రమ్ము దగ్గర చాలాసార్లు ఈ రోజు ఏమీ కాదు, అందుకే అది నాకు పుర్రె కంటే ఎక్కువ టెన్షన్ పెట్టిన బొమ్మ.

బొమ్మతో పాటు ఒక హెచ్చరిక మాట ఉంటుంది, డేంజర్ లేదా వార్నింగ్. ఇక్కడ డేంజర్ పెద్దది, వార్నింగ్ చిన్నది. నీ మూడో ప్రశ్నకు ముడి విప్పేది ఇదే. ఫ్యాక్టరీ డ్రమ్ము మీద డేంజర్ అంటే పై స్థాయి. పొలం మందు మీద డేంజర్ అంటే మూడో మెట్టు. మాట ఒకటే, చోటు మారితే బరువు మారిపోయింది. నువ్వు తప్పుగా ఆలోచించలేదు, ఫ్యాక్టరీలో చదివిన మాటను ఇంటి సీసా మీద చదివావు, అంతే.

ఒక మిథనాల్ డ్రమ్ము దగ్గర నిలబడి నిదానంగా చదువు, చాలా నేర్చుకుంటావు. ఎర్ర అంచు డైమండ్లు మూడు కనిపిస్తాయి: మంట, పుర్రె, ఛాతీ పగిలిన మనిషి. మాట డేంజర్. కింద వాక్యాలుంటాయి: బాగా మండే ద్రవం, ఆవిరి కూడా మండుతుంది. మింగినా, చర్మానికి తగిలినా, పీల్చినా విషం. అవయవాలకు హాని చేస్తుంది. ఆ చివరి వాక్యంలో దాగింది కంటిచూపు. మిథనాల్ కంటి నరాన్ని తినేస్తుంది, వాసన మాత్రం తాగే సారాలాగే ఉంటుంది. ఒక్క డ్రమ్ముకు ఇన్ని ముఖాలున్నాయి. మంట చూసి అగ్గిపుల్ల దూరం పెట్టినవాడే, పుర్రె చూడక ఉత్త చేతులతో పంపు పెట్టడం చూశాను.

వాక్యాల పక్కన హెచ్ అక్షరంతో మూడంకెల కోడ్ ఉంటుంది. 2తో మొదలైతే మంట, పేలుడు లాంటివి, 3తో అయితే ఆరోగ్యం, 4తో అయితే నీరు, చేపలు, పర్యావరణం. పి అక్షరంతో ఉన్నవి ఏం చేయాలో చెప్పేవి. కోడ్లు బట్టీ పట్టక్కర్లేదు, వాక్యం మాత్రం వదలొద్దు. ఎందుకో చెప్తాను.

చాలా ఏళ్ల కిందట, నేను పనిచేసిన ఒకచోట, రాత్రి షిఫ్టులో థయోనిల్ క్లోరైడ్ డ్రమ్ము బిరడా దగ్గర కారింది. సిమెంటు నేల మీద చేటంత మేర తడి, సన్నగా పొగ. ఉన్న కుర్రాడు చురుకైనవాడే, గుర్తులు చెప్తే గడగడా అప్పజెప్పేవాడు. డ్రమ్ము మీద చెయ్యి కాలుతున్న బొమ్మ చూశాడు. చెయ్యి కాలే బొమ్మ అంటే యాసిడ్, యాసిడ్ పడితే నీళ్లు పోయాలి అని మేమే నేర్పాం. బకెట్ నీళ్లు తెచ్చి ఒక్క ఊపున పోశాడు. థయోనిల్ క్లోరైడ్ నీళ్లు తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ వాయువులుగా లేస్తుంది. తెల్లటి మేఘం మనిషెత్తు లేచింది, తలుపు కనబడలేదు. గోడ తడుముకుంటూ బయటికొచ్చి మోకాళ్ల మీద కూలబడి దగ్గుతూనే ఉన్నాడు. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాడు, బతికాడు. నేను మర్నాడు ఆ డ్రమ్ము దగ్గర కూర్చుని లేబుల్ చదివాను. బొమ్మ కింద మూడో వరుసలో ఉంది, నీటితో తీవ్రంగా చర్య జరుపుతుంది అని, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో. తప్పు వాడిది కాదు. బొమ్మ నేర్పి వాక్యం నేర్పని మాది.

ఆ వారమే మేము ఏ-ఫోర్ కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "నీళ్లు పోయవద్దు, పొడి ఇసుక వాడండి, గది వదలండి" అని రాసి ఆ గది తలుపుకు అంటించాం. మీ దగ్గర నీళ్లు పడనివి ఏమేం ఉన్నాయో అడిగి, అలాంటి కాగితం అంటించమని నువ్వే చొరవ తీసుకుని చెప్పు. ప్రతి రసాయనానికీ పదహారు భాగాల సేఫ్టీ డేటా షీటు ఉంటుంది. రెండో భాగం ప్రమాదాలు, నాలుగు ప్రథమ చికిత్స, ఐదు మంటలు ఆర్పడం, ఏడు నిల్వ, ఎనిమిది చేతి తొడుగులు, మాస్కుల సంగతి. "నీకెందుకు?" అంటే నొచ్చుకోకు, మర్యాదగానే మళ్లీ అడుగు. పనిలో ఆరోగ్యం, భద్రత గురించిన సమాచారం పొందే హక్కు చట్టం కార్మికుడికి ఇచ్చింది. 2025 నవంబరు దాకా అది 1948 ఫ్యాక్టరీల చట్టం 111-ఏ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భద్రతా కోడ్‌లో ఉంది.

పెద్ద ట్యాంకుల మీద, గోడౌను గోడ మీద నాలుగు గళ్ల రంగు డైమండ్ ఉంటే అది మూడో పద్ధతి, ఎన్.ఎఫ్.పి.ఏ. 704 అనే అమెరికా అగ్నిమాపక పద్ధతి. ఎడమ నీలం ఆరోగ్యం, పైన ఎరుపు మంట, కుడి పసుపు నిలకడ లేనితనం, కింద తెలుపు ప్రత్యేక హెచ్చరిక. నీళ్లు వద్దు అనడానికి అక్కడ డబ్ల్యూ అక్షరం మీద అడ్డగీత ఉంటుంది. గళ్లలో 0 నుంచి 4 వరకు అంకెలు. ఇక్కడ 4 అన్నింటికంటే ప్రమాదం. జి.హెచ్.ఎస్. కాగితాల్లో మాత్రం కేటగిరీ 1 అన్నింటికంటే ప్రమాదం. రెండు అంకెలూ ఒకే బోర్డు మీద చూసి తలకిందులుగా అర్థం చేసుకున్న సూపర్‌వైజర్లు నాకు తెలుసు.

ఇక ట్యాంకరు. మన జాతీయ రహదారి 16 మీద రాత్రీ పగలూ విశాఖకూ కోల్‌కతాకూ మధ్య ట్యాంకర్లు నడుస్తాయి, భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఊళ్లన్నీ ఆ రోడ్డునే ఉన్నాయి. ట్యాంకరు డైమండ్ కింది కొసలో ఒక అంకె ఉంటుంది, అది తరగతి. 2 వాయువులు, 3 మండే ద్రవాలు, 5 ఆక్సిడైజర్లు, 6 విషాలు, 8 కాల్చేవి. రంగులు ఇక్కడ మళ్లీ మారిపోతాయి. ట్యాంకరు మీద పసుపు అంటే ఆక్సిడైజరు. నీలం అంటే నీళ్లు తగిలితే మండే వాయువు వదిలేది. పచ్చ అంటే మండని, విషం కాని వాయువు, సిలిండర్లలో నొక్కిపెట్టినది. నీ పసుపు, నీ నీలం ఇక్కడికొచ్చేసరికి ఏమయ్యాయో చూశావా? మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగతనంగా వాడే కార్బైడ్ డబ్బా మీద ఉండేది ఆ నీలం డైమండే. పళ్లకు దాన్ని వాడటం నిషిద్ధం, తడి తగిలితే ఎసిటిలీన్ వదిలి అంటుకుంటుంది కూడా.

ట్యాంకరు పక్కన, వెనక ఒక పలక ఉంటుంది. అందులో సరుకు పేరు, ఆ సరుకుకు ఇచ్చిన నాలుగంకెల యు.ఎన్. నంబరు, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే హజ్‌కెమ్ కోడ్, ఫోన్ నంబరు రాస్తారు. 1203 పెట్రోలు, 1075 వంట గ్యాసు, 1005 అమ్మోనియా, 1830 సల్ఫ్యూరిక్ యాసిడ్, 1230 నీ మిథనాల్. 2020 మే 7న విశాఖలో లీకై పన్నెండు మందిని పొట్టనపెట్టుకున్న స్టైరీన్ నంబరు 2055. హజ్‌కెమ్ కోడ్‌లో చివర ఇ అక్షరం ఉంటే జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలని అర్థం. మొదట 4 ఉంటే నీళ్లు వాడకూడదని. ట్యాంకరు బోల్తా పడితే దగ్గరకు పరుగెత్తి బిందెలు పట్టకుండా, గాలి ఎటునుంచి వస్తోందో ఆ వైపున, దూరంగా నిలబడి, కనిపిస్తే ఆ నాలుగంకెలు ఫోన్లో ఫైరు వాళ్లకు చెప్పాలి. పేరు పలకడం రాకపోయినా నంబరు చదవగలం కదా.

ఇంట్లో బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. రెండింటినీ కలిపితే క్లోరిన్ గ్యాసు వస్తుంది. మూసిన బాత్రూమ్‌లో ఆ పని చేస్తే మనిషి పడిపోతాడు. విడి యాసిడ్ అమ్మే సీసాల మీద గుర్తులే ఉండవు, కాబట్టి అమ్మకు నోటితోనే చెప్పాలి. కొన్ని సీసాల మీద నారింజ రంగు చదరంలో నల్ల బొమ్మ ఉంటే అది యూరప్ పాత పద్ధతి, బొమ్మల అర్థం దాదాపు ఇదే.

గుర్తులన్నీ లేబుల్ ఉన్నంతసేపే పనిచేస్తాయి. మందును నీళ్ల సీసాలోకో, కూల్‌డ్రింక్ సీసాలోకో వంపేసిన క్షణం ఈ చదువంతా వృథా. 2013 జూలైలో బీహార్ సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెను మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్న డబ్బాలో ఉంచడం వల్ల అంత ఘోరం జరిగింది. మన ఊళ్లలో ఖాళీ మందు డబ్బాలు ఇప్పటికీ పశువుల సాలలో చెంబులుగా, పొలానికి నీళ్ల క్యాన్లుగా తిరుగుతున్నాయి. మూడుసార్లు కడిగి ఆ నీళ్లు స్ప్రేయరులోనే పోసి, డబ్బాకు కన్నాలు పొడిచి, ఊరికీ నీటికీ దూరంగా పాతిపెట్టాలి. సగం వాడిన సీసాను చూరులో దోపకుండా, తాళం వేసిన పెట్టెలో పెట్టాలి.

నాన్నగారి సీసా తిప్పి, లోపలున్న మందు పేరు, శాతం, పేరు పక్కన ఉన్న రెండక్షరాలు రాసి పంపు. స్టోర్స్‌లో సున్నా మీద మంట ఉన్న డ్రమ్ములకు అటూ ఇటూ ఏమున్నాయో కూడా చూసి రాయి. వాటిని ఎక్కడికి జరపమని అడగాలో, సూపర్‌వైజరుకు ఏ మాటల్లో చెప్తే వింటారో అప్పుడు వివరంగా రాస్తాను.